హార్ట్లీ గని — ఏకకూప నిర్మాణఫలము

గనిపనులలో నెల్ల ముందుగా ధనమును మ్రింగునది నిలువుబావి. బొగ్గుపొర యందువఱకును వ్యయమే కాని యాదాయము లేదు. పందొమ్మిదవ శతాబ్దిమధ్యమున ఇంగ్లండు ఉత్తరభాగమున నీ విద్యయందాఱితేఱిన పనివారు ఱాతికి రంధ్రములు తొలిచి, తుపాకిమందు దట్టించి పేల్చి, పగిలిన శిలలను బొక్కెనలతో పైకి చేరవేయుచుండిరి. ప్రక్కలు కూలకుండ ఇటుకకట్టును, నీరూరు తావుల పోతయినుపపలకల యొరలును అమర్చుచుండిరి. ఊట యధికమైనచో వ్యయమునకు మేర యుండెడిది కాదు.

ఈ వ్యయభీతిచేతనే పలువురు యజమానులు ఒక్క బావితో సరిపుచ్చుకొనిరి. దానినే కొయ్యపలకల యడ్డుగోడతో విభజించి, ఒకపాయను మంచిగాలి దిగుటకును, వేఱొకపాయను చెడుగాలి వెడలుటకును ఏర్పఱచిరి. మనుష్యులకు, బొగ్గునకు, నీటిగొట్టములకు, ప్రాణవాయువునకు నదియే దారి.

నార్తంబర్లండులోని హార్ట్లీ గని యిట్టిదే. 1845లో నారంభింపబడిన యీ బావి మఱుసటియేట బొగ్గునందుకొనెను. వ్యాసము సుమారు 12 అడుగులు, లోతు సుమారు 600 అడుగులు. 1862 జనవరి 16వ తేదీని, పనివారు వంతులు మాఱుచుండగా, నీరుతోడు ఆవిరియంత్రపు పోతయినుపదూలము విఱిగెను. 20 టన్నులకు మించిన తునుక బావిలోబడి, అడ్డుగోడను పెల్లగించి, దారిని పూడ్చివైచెను. బోనులో పైకి వచ్చుచున్న ఎనమండ్రలో నైదుగురు మడిసిరి. విలియం కోల్సన్ నాయకత్వమున బావిత్రవ్వు పనివారు రాత్రింబవళ్లు శ్రమించి 22వ తేదీకి లోనికి చేరిరి. అచటి 199 మందియు కార్బను మోనాక్సైడుచే నప్పటికే విగతజీవులై యుండిరి. మృతులు మొత్తము 204.

దూలము విఱుగుట నిమిత్తమాత్రము, ఏకద్వారమే కారణము. లోనివారిలో నెవ్వరిపైనను దూలము పడలేదు. వేఱొక దారి యున్నచో వారు నడచి వెలికి రాగలిగియుందురు. రెండవబావి వెల లెక్కపుస్తకములకు తెలియును. అది లేకపోవుటకగు వెల యానాటివఱకు నేపుటయందును వ్రాయబడలేదు.

ఆ సంవత్సరము ఆగస్టులోనే బ్రిటిషు పార్లమెంటు బొగ్గుగనులకు రెండు నిర్గమమార్గములను విధించుచు శాసనము చేసెను. ఒక్క యజమాని స్వయముగా రెండవబావి త్రవ్వించినచో వ్యయభారమున పోటీలో వెనుకబడును. శాసనము భారమును ఎల్లరపైనను మోపుటచే నా సాకు తొలగిపోయెను. భారతదేశమునందు 1957 నాటి బొగ్గుగనుల నియమావళియు నీ నియమమునే స్వీకరించినది. సింగరేణి శ్రామికులకును వర్తించిన యా రక్షణకు మూలము హార్ట్లీ మృతుల ప్రాణములే.