టీబీ పరీక్షకు కనిపించనివి: ఊపిరితిత్తుల్లో బూజు, పరాన్నజీవుల జంట సంక్రమణలు

1940లో ‘ఇండియన్ మెడికల్ గెజిట్’లో మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం శానిటోరియం వైద్యులు ఫ్రిమాట్-మోలర్, బార్టన్ ఒక వ్యాసం ప్రచురించారు. వారు వర్ణించిన రోగులు చూడగానే క్షయ రోగుల్లాగే ఉన్నారు. ఎక్స్‌రేలో ఊపిరితిత్తుల నిండా మచ్చలు, విడవని దగ్గు. కఫంలో మాత్రం క్షయ క్రిమి లేదు, రక్తంలో ఇయోసినోఫిల్ కణాలు విపరీతంగా పెరిగి ఉన్నాయి. దీన్ని క్షయను పోలిన వేరే స్థితిగా వారు నమోదు చేశారు. 1943లో వైన్‌గార్టెన్ దీనికే ‘ట్రాపికల్ ఇయోసినోఫీలియా’ అని పేరు పెట్టాడు. ఫైలేరియా పురుగు పిల్లల మీద శరీరం చూపే అతి ప్రతిచర్యే ఈ జబ్బు అని తేలడానికి చాలా ఏళ్లు పట్టింది. 1960లో వెల్లూరు వైద్యులు రోగుల కణజాలంలోనే ఆ మైక్రోఫైలేరియాలను చూపించారు.

ఇది జంట సంక్రమణ కాదు, ఒకదాన్ని చూసి మరొకటి అనుకోవడం. అయినా ఇక్కడి నుంచే మొదలుపెట్టడానికి కారణం ఉంది. క్షయ కోసమే కట్టిన ఆస్పత్రిలో క్షయ కానిది బయటపడింది, కఫంతో పాటు రక్తం స్లైడునూ చూశారు కాబట్టి. నేడు సీబీనాట్, ట్రూనాట్ యంత్రాలు టీబీ డీఎన్‌ఏ ఉందా, క్రిమి రిఫాంపిసిన్‌కు లొంగుతుందా అన్నవి కొన్ని గంటల్లో చెప్పేస్తాయి. వాటి మేలు కాదనలేనిది. కానీ అడిగిన ప్రశ్నకు తప్ప అవి దేనికీ జవాబివ్వవు. టీబీ నిర్ధారణ పదునెక్కే కొద్దీ, దాని పక్కనే ఉన్న రెండో జీవి యథాలాపంగా కంటపడే అవకాశం తగ్గిపోతోందన్నది ఈ వ్యాసం వాదన.

మణిపుర్, నాగాలాండ్, అరుణాచల్ ప్రదేశ్‌ల అనుభవం చూడండి. అక్కడ పచ్చిగానో సగం ఉడికీ ఉడకకుండానో పీతలు తిన్నవారికి పారగోనిమస్ అనే ఊపిరితిత్తుల పురుగు సోకుతుంది. నెలల తరబడి దగ్గు, తుప్పు రంగు కఫం, అందులో రక్తం. టీబీ అనుకుని మందులు మింగినవారు ఎందరో. టీబీ కోసం వేసే జీల్-నీల్సన్ రంగుల్లో ఈ పురుగు గుడ్లు చెడిపోయి కనిపించకపోవచ్చు. రంగు వేయని తడి స్లైడులోనైతే బంగారు గోధుమ వన్నెలో, ఒక కొసన మూతతో స్పష్టంగా కనిపిస్తాయి. మందు ప్రాజిక్వాంటెల్, మూడు రోజుల కోర్సు. టీబీ, ఈ పురుగు రెండూ ఒకే మనిషిలో ఉంటే మొదటిది దొరకగానే వెతుకులాట ఆగిపోతుంది.

బూజు సంగతి ఇంతకంటే చిక్కు. ఆస్పర్జిల్లస్ బీజాలు గాలిలో అంతటా ఉంటాయి, అందరం పీలుస్తూనే ఉంటాం. క్షయ మానాక మిగిలిన కుహరంలో పడ్డవి మాత్రం అక్కడే పెరిగి, పోగులు పెనవేసుకుని ఉండ కడతాయి. ఎక్స్‌రేలో ఆ ఉండ పైన నెలవంకలా గాలి కనిపిస్తుంది. రోగి పక్కకు తిరిగి పడుకుంటే ఉండ కూడా దొర్లవచ్చు. 1960ల చివర బ్రిటన్‌లో క్షయ తర్వాత 2.5 సెంటీమీటర్లు, అంతకు మించిన కుహరాలు మిగిలిన 544 మందిని పరీక్షిస్తే నాలుగో వంతు మంది రక్తంలో ఆస్పర్జిల్లస్ యాంటీబాడీలు ఉన్నాయి. కొన్నేళ్ల తర్వాత మళ్లీ చూస్తే వారి వాటా మూడో వంతుకు చేరింది.

ఇలాంటి రోగి రక్తం కక్కుతూ వస్తే ‘టీబీ తిరగబెట్టింది’ అనడం సులువు. గతంలో మందులు వాడినవారిలో చచ్చిన క్రిముల డీఎన్‌ఏ వల్ల కూడా సీబీనాట్ పాజిటివ్ రావచ్చు కనుక యంత్రమూ ఆ మాటకే వత్తాసు పలకవచ్చు. ఆస్పర్జిల్లస్ ఐజీజీ పరీక్ష చేయించే ఆలోచన చివరికెప్పుడో వస్తుంది. పోనీ, రెండూ నిజంగానే ఉన్నాయనుకుందాం. రెండు మందులూ కలిపి రాస్తే సరిపోదు. రిఫాంపిసిన్ కాలేయంలోని ఎంజైములను రెచ్చగొట్టి, రక్తంలో ఇట్రాకొనజోల్‌ను దాదాపు లేకుండా చేస్తుంది. చీటీ మీద రెండు మందులున్నా రోగికి అందేది ఒకటే. బూజు మందు ఎంతకాలం వాడాలన్నదీ చిన్న విషయం కాదు. చండీగఢ్ పీజీఐ పరిశోధకులు 2022లో ప్రచురించిన ట్రయల్‌లో ఇట్రాకొనజోల్‌ను ఆరు నెలలు వాడినవారి కంటే ఏడాది వాడినవారిలో జబ్బు తిరగబెట్టడం బాగా తక్కువ.

ఇదే బూజు ఉబ్బసం రోగుల్లో అలర్జీ రూపంలో వస్తే స్టెరాయిడ్ దానికి మందు. కుహరంలో పాతుకుపోయిన బూజుకు అదే స్టెరాయిడ్ ఊతం. ఒకే జీవికి రెండు విరుద్ధమైన వైద్యాలు కనుక ‘ఫంగస్ ఉంది’ అన్న రిపోర్టు ఒక్కటీ నన్నడిగితే సగం రిపోర్టే.

స్టెరాయిడ్ ప్రమాదం స్ట్రాంజిలాయిడిస్ పురుగు విషయంలో మరీ ఎక్కువ. తడి మట్టిలో చెప్పుల్లేకుండా నడిచేవారి చర్మంలోంచి దూరి, రక్తం వెంట ఊపిరితిత్తులకు చేరి, గొంతులోకి ఎగబాకి పేగుల్లో స్థిరపడుతుంది. అక్కడే మళ్లీ మళ్లీ సోకించుకుంటూ దశాబ్దాలు బతుకుతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా-థాయ్ రైల్వే పనుల్లో మగ్గిన ఖైదీల్లో 30 ఏళ్లు దాటాక కూడా దాన్ని కనుగొన్నారు. స్టెరాయిడ్ పడగానే పురుగు పిల్లలు లెక్కకు మించి పెరిగి, పేగు బ్యాక్టీరియాను మోసుకుంటూ ఊపిరితిత్తుల్లోకీ రక్తంలోకీ పోతాయి. 2020 జూన్‌లో కోవిడ్ మందులను పరీక్షించిన ‘రికవరీ’ ట్రయల్ ఫలితాలతో డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ కోవిడ్ చికిత్సలో ప్రధాన మందైంది. ఆ తర్వాత ఇలాంటి కేసులు వైద్య పత్రికల్లో వచ్చాయి. 2021లో మన దగ్గర విజృంభించిన మ్యూకర్‌మైకోసిస్ అనే బూజు జబ్బు ఎక్కువగా ముక్కు, కన్ను మీద పడింది. దాని వెనుకా షుగర్‌తో పాటు స్టెరాయిడ్ ఉంది.

ఆరోగ్యవరంలో దారి చూపిన ఇయోసినోఫిల్ లెక్క ఇక్కడ మోసం చేస్తుంది. స్టెరాయిడ్ వాడుతున్నవారిలో, పురుగు విజృంభించినవారిలో అది మామూలుగానే ఉండవచ్చు. ఆల్బెండజోల్ ఒక్క మాత్ర వేసుకున్నామంటే నిశ్చింతగా ఉండలేం, ఈ పురుగుకు సరైన మందు ఐవర్‌మెక్టిన్. కాబట్టి స్టెరాయిడ్ మొదలుపెట్టే ముందే మలం, రక్తం యాంటీబాడీ పరీక్షలు చేయాలి. అవి అందుబాటులో లేని చోట, పొలం పనిలో ఏళ్లు గడిపిన రోగికి ముందుగానే ఐవర్‌మెక్టిన్ ఇవ్వడం మేలు.