ఎన్నిసార్లు తొంగిచూడొచ్చు?

మా బొబ్బిలి వైపు గోగునార కొనేవాడు ప్రతి మోపూ విప్పించడు. మొదటి నాలుగూ కుళ్ళి ఉంటే బేరం వదిలేస్తాడు, నాలుగూ బావుంటే డబ్బు తీస్తాడు, అటూ ఇటూ ఉంటే ఇంకో రెండు విప్పిస్తాడు. ఇలాంటి లోకజ్ఞానానికి లెక్క కట్టినవాడు ఏబ్రహాం వాల్డ్. రెండో ప్రపంచయుద్ధంలో, కొలంబియా యూనివర్సిటీలో, సరుకు తనిఖీని ఎక్కడ ఆపొచ్చో తేల్చాడు. ఆ పనిని యుద్ధకాలంలో రహస్యంగా ఉంచారు. పుస్తకంగా 1947లో వచ్చింది. 1950లో ఉపన్యాసాలకని మన దేశానికొచ్చిన వాల్డ్, నీలగిరుల్లో విమానం కూలి భార్యతో సహా చనిపోయాడు.

మనుషులు మోపులు కారు. మందు పనిచేస్తోందని తేలాక కూడా సగంమందికి ఉత్తుత్తి మందు ఇస్తూ పోవడం అన్యాయం. హాని చేస్తోందని తెలిసీ కొనసాగించడం ఇంకా అన్యాయం. కాబట్టి మధ్యలో చూడాలి. చిక్కేమిటంటే, చూసిన ప్రతిసారీ కాకతాళీయాన్ని నిజమనుకునే ప్రమాదం పెరుగుతుంది. 1969లో పీటర్ ఆర్మిటేజ్ బృందం దీన్ని లెక్కగట్టింది. అసలేమీ పనిచెయ్యని మందుని, 5 శాతం గీత పెట్టుకుని ఒక్కసారే చూస్తే పొరబడే అవకాశం 5 శాతం. ఐదుసార్లు చూస్తే 14, పదిసార్లయితే 19. రోజూ డ్యాష్‌బోర్డు రిఫ్రెష్ చేసి, అంకె నచ్చగానే ఏ/బీ టెస్ట్ ఆపేసే ఐటీ టీములకి ఈ మాట కొంచెం గుచ్చుకోవాలి.

విరుగుడుగా 1977లో పోకాక్ ప్రతి చూపుకీ గీతని ఒకేలా బిగించాడు: ఐదు చూపులకి, 5 శాతం బదులు సుమారు 1.6. 1979లో ఓబ్రయన్, ఫ్లెమింగ్ మొదట్లో చాలా కఠినంగా, చివర్లో దాదాపు మామూలుగా ఉండే గీత గీశారు. 1983లో లాన్, డిమెట్స్ ఆ 5 శాతాన్ని నెలజీతంలా చూశారు: ఎంతమేర ఖర్చుపెట్టాలో నియమం ముందే రాసుకుంటే చాలు, చూసే తేదీలు అటూ ఇటూ అయినా ఫర్వాలేదు.

ప్రతి గీతా అంతకుముందు చూపుల మీద ఆధారపడుతుంది, కాబట్టి చేత్తో తేలే లెక్క కాదు. సైరస్ మెహతా, నితిన్ పటేల్ 1987లో పెట్టిన సైటెల్ కంపెనీ దీనికోసం ఈస్ట్ అనే సాఫ్ట్‌వేర్ తెచ్చింది. పేరు ‘ఎర్లీ స్టాపింగ్’ నుంచి వచ్చిందే. ఇవాళ ఆర్ భాషలో జీఎస్‌డిజైన్, ఆర్‌ప్యాక్ట్ ఉచితంగా దొరుకుతాయి.

ఇలాంటి పద్ధతి మన గడప దాకా కోవాక్సిన్‌తో వచ్చింది. హైదరాబాద్ భారత్ బయోటెక్ సుమారు 25,800 మందితో చేసిన మూడోదశ పరీక్షలో చూపులు ముందే నిర్ణయించారు: 43 కేసుల దగ్గర, 87 దగ్గర, చివరిగా 130 దగ్గర. 2021 మార్చి 3న మొదటి చూపు: ఉత్తుత్తి టీకావాళ్ళలో 36 కేసులు, అసలు టీకావాళ్ళలో 7. సామర్థ్యం 81 శాతం. పరీక్ష ఆపలేదు. జులైలో 130 కేసులయ్యాక 77.8. తొలి అంకె కాస్త పొంగి ఉండటం మామూలే. కొనసాగించారు కాబట్టే అది దిగివచ్చింది.

అయితే అత్యవసర అనుమతి జనవరి 3నే వచ్చేసింది, మొదటి చూపుకి రెండునెలల ముందు. భద్రత, యాంటీబాడీల వివరాలే ఆధారం. తర్వాత ఫలితం బాగానే వచ్చింది. కానీ అది ఆ రోజు ఎవరికీ తెలీదు. ఎప్పుడు చూడాలో, ఏ అంకె దగ్గర ఆపాలో సాఫ్ట్‌వేర్ పక్కాగా చెప్పగలదు. ఆ అంకె వచ్చేదాకా ఆగమని ప్రభుత్వానికి చెప్పడం దాని పని కాదు. ఆ అడగడం మనమే చెయ్యాలి.