చదవలేని వారికి చేరిన వాక్యం

తెలుగులో అచ్చయిన తొలి పుస్తకాలు తెలుగుగడ్డ మీద పుట్టినవి కావు. జర్మనీలోని హాలే అనే ఊళ్లో 1746, 1747 సంవత్సరాల్లో వెలువడ్డాయి. వేయించినవాడు బెంజమిన్ షుల్జ్. 1719లో తరంగంబాడిలో దిగి, 1726లో మద్రాసు చేరి, అక్కడి తెలుగువాళ్ల దగ్గర మన భాష నేర్చుకున్న లూథరన్ మిషనరీ ఆయన. మద్రాసులో ఉండగానే బైబిలును తెలుగు చేశాడు. తమిళానికైతే తరంగంబాడిలో అచ్చుయంత్రం ఉంది, అక్షరాలూ ఉన్నాయి. తమిళ కొత్త నిబంధన 1715 నాటికే అచ్చయిపోయింది. తెలుగుకు మాత్రం ఒక్క సీసపు అక్షరం లేదు. 1743లో షుల్జ్ స్వదేశం వెళ్లిపోయాడు. అక్కడ తెలుగు అక్షరాలు పోత పోయించి క్రైస్తవ బోధను తెలిపే చిన్న పుస్తకాలు కొన్ని వేయించగలిగాడు. బైబిలు అనువాదం రాతప్రతిగానే ఉండిపోయింది.

ఆ రాతప్రతి సంగతి తలచుకున్నప్పుడల్లా నా మనసు చివుక్కుమంటుంది. భాష నేర్చిన మనిషి ఉన్నాడు, ఏళ్ల తరబడి పడ్డ కష్టం ఉంది, భక్తి ఉంది. మద్రాసులో లేనిదల్లా అక్షరాల పోత ఒక్కటే. అది లేకపోబట్టి రెండు మూడు తరాల తెలుగువాళ్లకు వాక్యం అందలేదు. సంఘంలో సాంకేతికత ఎందుకని ఎవరైనా అడిగితే నేను ముందుగా ఈ కథే చెబుతాను.

తర్వాతి అధ్యాయం హుగ్లీ నది ఒడ్డున శ్రీరామపురంలో నడిచింది. మిషనరీ విలియం కేరీ, ఆయన తోటివాళ్లు అక్కడ పెట్టిన అచ్చుకూటంలో ఎన్నో ఆసియా భాషలకు అక్షరాలు తయారయ్యేవి. వాటిని చెక్కింది బెంగాలీ కమ్మరి కుటుంబంలో పుట్టిన పంచానన్ కర్మకార్, ఆయన తర్వాత ఆయన అల్లుడు మనోహర్. మిషనరీల పేర్లు సంఘ చరిత్రల్లో పదే పదే వస్తాయి. ఈ మామా అల్లుళ్ల పేర్లు మన ప్రార్థనల్లో ఎప్పుడూ వినపడవు. వినపడాలి.

1812 మార్చి 11 సాయంత్రం ఆ అచ్చుకూటానికి నిప్పంటుకుంది. కాగితం, అక్షరాలు, రాతప్రతులు తగలబడిపోయాయి. కేరీ రాసుకున్న తెలుగు వ్యాకరణం కూడా అందులోనే బూడిదైంది. మర్నాడు బూడిద తవ్వితే, అక్షరాలు పోత పోయడానికి మూలమైన ఉక్కు అచ్చులు చెడకుండా దొరికాయి. కరిగి ముద్దయిన సీసాన్నే మళ్లీ కరిగించి కొత్త అక్షరాలు పోశారు. తెలుగు వ్యాకరణాన్ని కేరీ మొదటి నుంచి మళ్లీ రాశాడు. అది 1814లో అచ్చయింది. 1818లో తెలుగు కొత్త నిబంధన వచ్చింది. అంతకుముందే, 1805లో విశాఖపట్నం వచ్చిన లండన్ మిషనరీలు జార్జి క్రాన్, అగస్టస్ దెగ్రాంజ్ ఆనందరాయర్ అనే తెలుగు తెలిసిన బ్రాహ్మణ క్రైస్తవుడి తోడ్పాటుతో సువార్తలను తెలుగు చేశారు. వాటిని అచ్చువేసింది కూడా శ్రీరామపురమే.

అచ్చు వేస్తే సరిపోలేదు. నాటు కాగితాన్ని పురుగులు తినేసేవి. పురుగు పట్టని కాగితం కోసం మిల్లు పెట్టి, దాన్ని నడపడానికి 1820లో ఇంగ్లండు నుంచి ఆవిరి యంత్రం తెప్పించారు. ఆ రోజుల్లో అది ఎంత వింతో! దాన్ని చూడ్డానికి జనం వచ్చిపోతూ ఉండేవారట. కాగితాన్ని పురుగు నుంచి కాపాడటం కూడా సువార్త సేవేనని వాళ్లు గ్రహించారు. ఆ బుద్ధికి నా నమస్కారం.

అంతా బాగానే ఉంది. అయితే ఆ పుస్తకం చదివేది ఎవరు?

1878 జూలై 3న ఒంగోలు దగ్గర గుండ్లకమ్మ ఏట్లో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ధాత కరువు ఇంకా కళ్ల ముందున్న రోజులవి. మిషనరీ జాన్ క్లౌ పాస్టరుగా ఉన్న ఆ సంఘంలో ఎక్కువమంది మాదిగలు. ఊరి బడి గడప తొక్కనివ్వని కులం. వాళ్ల చేతికి బైబిలు ఇస్తే కళ్లకద్దుకోగలరు, చదవలేరు. ఆ తర్వాత డెబ్బై ఏళ్లు గడిచినా, 1951 జనాభా లెక్కల ప్రకారం దేశంలో చదవను రాయను వచ్చిన ఆడవాళ్లు నూటికి తొమ్మిది మంది కూడా లేరు. మన సంఘాల్లో చాప మీద ముందు వరసలో కూర్చున్నది వాళ్లే.

మా నాయనమ్మ వాళ్లలో ఒకతె. బోధకుడు గారు చదివితే వినాలి, బైబిలు స్త్రీ ఇంటికొచ్చి చెబితే వినాలి. కీర్తనలు మాత్రం కంఠతా వచ్చు, చరణాలతో సహా. నా చిన్నప్పుడు మా ఇంట్లో తోలుసంచిలో ఉంచిన ట్రాన్సిస్టరు ఒకటి ఉండేది. సాయంత్రం పొయ్యి దగ్గర పని ముగించుకుని, దాని ముందు పమిట తల మీదికి లాక్కుని కూర్చునేది. హిందూ మహాసముద్రంలోని సీషెల్స్ దీవుల నుంచి ఫీబా రేడియో 1970లో ప్రసారాలు మొదలుపెట్టింది. శ్రీలంకలోని పుత్తళం నుంచి ట్రాన్స్ వరల్డ్ రేడియో వచ్చేది. అలల చప్పుడులాంటి గరగర మధ్య తెలుగులో వాక్యం వినపడేది. ఆ మాట సముద్రం దాటి వస్తోందని ఆమెకు తెలియదు. "నాకోసం ఎవరో ఓపిగ్గా చదువుతున్నారు నాయనా" అనేది. పాస్టరు గారు రాని వారాల్లో ఆ రేడియోయే మా పల్లెకు కాపరి.

చెవికి వాక్యం అందించాలన్న తలంపుతోనే బతుకంతా గడిపిన మనిషి జాయ్ రిడ్డర్‌హాఫ్. హోండురాస్‌లో సేవ చేస్తూ మలేరియాతో చిక్కిపోయి లాస్ ఏంజెలెస్‌కు తిరిగొచ్చింది. అక్కడ తను వదిలొచ్చిన పల్లెల కోసం 1938 చివరి రోజున స్పానిష్‌లో ఒక గ్రామఫోన్ రికార్డు చేయించింది. ఆమె మొదలుపెట్టిన పని నేడు 6,000కు పైగా భాషల్లో, యాసల్లో శబ్దంగా నిలిచింది. కరెంటు లేని చోట్ల కోసం ఆమె సంస్థవాళ్లు అట్టతో ఒక పరికరం చేశారు. అట్టను మడిచి, సూది ఆనించి, రికార్డును పెన్సిలుతో తిప్పితే చాలు, మాట వినపడేది. నేను ఎరిగిన యంత్రాలన్నిటిలో నా మనసుకు దగ్గరైనది ఆ అట్టముక్కే.

ఆ తర్వాత తెర వచ్చింది. 1978లో విడుదలైన 'కరుణామయుడు' సినిమా థియేటర్లతో ఆగలేదు. ప్రొజెక్టరు, జనరేటరు వేసుకుని పల్లెపల్లెకూ తిరిగింది. యేసు అంటే ఇప్పటికీ అందులో యేసుగా నటించిన విజయచందర్ ముఖమే గుర్తొచ్చే పెద్దవాళ్లు మన ఊళ్లలో ఎందరో! క్యాసెట్లు, సీడీలు వచ్చి వెళ్లాయి. 1991లో యూనికోడ్‌లో తెలుగుకు చోటు దక్కాక, ఏ కంప్యూటరులో కొట్టిన వాక్యమైనా ఇంకో కంప్యూటరులో పిచ్చిగీతలు కాకుండా తెరుచుకునే రోజు వచ్చింది. ఇప్పుడు తెలుగు బైబిలు మొత్తం ఫోనులో ఉంది. నొక్కితే చదివి వినిపిస్తుంది.

2020 ఏప్రిల్ 12న ఈస్టరు. లాక్‌డౌన్‌లో గుడి తలుపులు మూసి ఉన్నాయి. మా పాస్టరమ్మ గారు ఫోనును బియ్యం డబ్బాకు ఆనించి నిలబెడితే, పాస్టరు గారు ఇంటి ముందు గదిలోంచి ఆరాధన నడిపారు. డల్లాస్‌లో ఉన్న కూతురు, కువైట్‌లో పనిచేసే కొడుకు, ఊళ్లో మంచాన ఉన్న తల్లి, ముగ్గురూ ఒకే పాట పాడారు. గొంతులు ఒకదాని వెనక ఒకటి ఆలస్యంగా వచ్చినా, అంత గొప్ప పాట నేను మళ్లీ వినలేదు. కానీ ఆ రోజుల్లోనే శవం దగ్గర నలుగురు కూర్చోలేకపోయాం. ఏడ్చేవాళ్ల భుజం మీద చెయ్యి వేయడం యంత్రం వల్ల అయ్యే పని కాదు. గుడి మీద మైకు పెట్టుకున్నప్పుడు కూడా పక్కింట్లో చదువుకునే పిల్లాడు, ఎదురింట్లో నిద్రపట్టని రోగి మనకు గుర్తుండాలి. పొరుగువాడికి బాధ కలిగించే గొంతుతో సువార్త వినిపించదు.

నాయనమ్మ పోయింది. ఆమె పాడిన బాణీలు కొన్ని ఇప్పుడు మా ఊళ్లో ఎవరికీ రావు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో రాగం పేరు, తాళం పేరు అచ్చులో ఉన్నాయి. ఆ గొంతు, ఆ సాగదీత, ఆ ఊపిరి ఉండవు కదా. అప్పట్లో చేతిలో యంత్రం లేదు. ఇప్పుడు అందరి జేబుల్లోనూ ఉంది. మీ సంఘంలో చదువు రాకపోయినా పాత కీర్తనలన్నీ కంఠతా వచ్చిన పెద్దమ్మో తాతయ్యో ఉండే ఉంటారు. ఈ ఆదివారం ఆరాధన అయ్యాక వాళ్ల పక్కన కూర్చుని, అడిగి పాడించుకుని, ఫోనులో రికార్డు చేసి పెట్టండి.