రాష్ట్రపతి దైనందిన విధులు: తరగతి గది బోధన

భారత రాష్ట్రపతి చేసే పనుల గురించిన పాఠం పాఠశాలలో సాంఘికశాస్త్రంలోనూ, ఇంటర్మీడియట్‌లో పౌరశాస్త్రంలోనూ వస్తుంది. పాఠ్యపుస్తకాలు సాధారణంగా అధికారాలను కార్యనిర్వాహక, శాసన, న్యాయ, ఆర్థిక, అత్యవసర అధికారాలుగా విడదీస్తాయి. పరీక్షకు ఈ విభజన చాలు. రాష్ట్రపతి భవన్‌లో ఒక పనిదినం ఎలా గడుస్తుందో మాత్రం దీనివల్ల బోధపడదు.

ఆ దినంలో దస్త్రాల పరిశీలన, సందర్శకులతో భేటీలు, ప్రమాణ స్వీకారాలు, విదేశీ రాయబారుల నుంచి నియామక పత్రాల స్వీకరణ వంటివి ఉంటాయి. వీటి పాళ్లు ఒక్కో రాష్ట్రపతి కాలంలో ఒక్కో రకంగా ఉన్నట్టు కనిపిస్తుంది. 77వ అధికరణం ప్రకారం కేంద్రం ఉత్తర్వులన్నీ రాష్ట్రపతి పేరిటే వెలువడతాయి. అన్నిటి మీదా ఆయనే సంతకం చేస్తారని పిల్లలు అనుకుంటారు. నిజానికి వాటిలో అత్యధికం అధికారుల సంతకంతోనే వస్తాయి. ఈ అపోహను మొదటి రోజే తొలగించాలి.

బోధనకు అన్నిటికన్నా పనికొచ్చేది ఒక బిల్లు ప్రయాణం. 111వ అధికరణం కింద రాష్ట్రపతి బిల్లుకు ఆమోదం తెలపవచ్చు, నిలిపివేయవచ్చు, ద్రవ్య బిల్లు కాకపోతే పునఃపరిశీలనకు తిప్పి పంపవచ్చు. 2006లో లాభదాయక పదవుల బిల్లును అబ్దుల్ కలాం తిప్పి పంపారు. పార్లమెంటు మళ్లీ ఆమోదించాక సంతకం చేశారు. తిప్పి పంపడానికి రాజ్యాంగం గడువు పెట్టలేదు. ఉత్తరాలను మధ్యలో ఆపి చూసే అధికారాన్ని ప్రభుత్వానికిచ్చే 1986 నాటి తపాలా సవరణ బిల్లును అప్పటి రాష్ట్రపతి జైల్‌సింగ్ ఆమోదించనూ లేదు, వెనక్కి పంపనూ లేదు. అది చివరకు చట్టం కాలేదు.

తెలుగు విద్యార్థులకు నీలం సంజీవరెడ్డి 1979 నిర్ణయం దగ్గరి ఉదాహరణ. లోక్‌సభ విశ్వాసం పొందకుండానే రాజీనామా చేసిన ప్రధాని చరణ్‌సింగ్ సలహాపై ఆయన ఆగస్టు 22న సభను రద్దు చేశారు. ప్రభుత్వ ఏర్పాటుకు జనతా పార్టీ నేత జగ్జీవన్‌రామ్‌కు అవకాశం ఇవ్వాల్సిందని విమర్శకుల వాదన. ఏ పక్షానికీ నిలకడైన మెజారిటీ లేదని సమర్థకుల వాదన. విశ్వాసం నిరూపించుకోని మంత్రిమండలి సలహాకు 74వ అధికరణం వల్ల ఎంత బలం వస్తుందన్నది ఇప్పటికీ మంచి చర్చాంశం. విమర్శకుల వాదన వైపే కొంత మొగ్గు చూపవచ్చు.

మరో ఉదాహరణ 1975 అత్యవసర పరిస్థితి. దాని తేదీని కొన్ని పుస్తకాలు జూన్ 26 అంటాయి. అప్పటి రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ సంతకం చేసిన ప్రకటన తేదీ 1975 జూన్ 25 కాబట్టి అదే గ్రాహ్యం. సంతకం అర్ధరాత్రికి కాస్త ముందు జరిగిందని చాలా కథనాలు చెబుతాయి. మంత్రిమండలి సమావేశమైంది మర్నాడు పొద్దున. ఇలాంటిది మళ్లీ జరగకుండా 44వ సవరణ కేబినెట్ లిఖితపూర్వక నిర్ణయాన్ని తప్పనిసరి చేసింది. అధికారాల పట్టిక చెప్పే ముందు ఉపాధ్యాయులు ఈ ఒక్క రాత్రి సంగతి చెప్పడం మేలు.

ఈ పాఠం చెప్పడానికి హైదరాబాద్ పరిసరాల బడులకు ఒక సదుపాయం ఉంది. రాష్ట్రపతి దక్షిణాది విడిది అయిన బొల్లారంలోని రాష్ట్రపతి నిలయాన్ని 2023 నుంచి ఏడాది పొడవునా సందర్శకులకు తెరిచి ఉంచుతున్నారు.