పోర్ట్‌బ్లెయిర్: జాబితాలో ఉన్నవీ, లేనివీ

పోర్ట్‌బ్లెయిర్ చేరిన యాత్రికుడి తొలి సాయంత్రం దాదాపుగా సెల్యులార్ జైలు ఆవరణలోనే గడుస్తుంది. సంగీత సభలకో, నాటకశాలలకో పేరుపడిన పట్టణం కాదది. చీకటి పడ్డాక జనం టికెట్టు కొనుక్కుని వినడానికి వచ్చేది అక్కడి ధ్వని-కాంతి ప్రదర్శనను. సంకెళ్ల చప్పుడు, గానుగ మోత, జైలర్ గద్దింపుల నడుమ ఒక రావిచెట్టు గొంతు విప్పి కథ చెబుతుంది. హిందీ, ఇంగ్లీషు భాషల్లో సాగే ఆ కథ విని కళ్లు తుడుచుకునేవారు ఎందరో.

కానీ ఆ జైలు నేటికీ నిలిచి ఉండడం పాలకుల చలవ కాదు. 1896లో మొదలై 1906లో పూర్తయిన ఆ కట్టడానికి చక్రపు ఆకుల్లా ఏడు బారులు ఉండేవి. 1941 భూకంపం, ఆ వెంటనే వచ్చిన జపాన్ ఆక్రమణ దానిని దెబ్బతీశాయి. మిగిలినదానిలో కొంత భాగాన్ని స్వతంత్ర భారత ప్రభుత్వమే పడగొట్టి ఆసుపత్రి కట్టింది. గోవింద్ వల్లభ్ పంత్ పేరిట ఆ ఆసుపత్రి ఇప్పటికీ జైలు పక్కనే ఉంది. ఒకప్పుడు అక్కడ శిక్ష అనుభవించిన రాజకీయ ఖైదీలు సంఘంగా ఏర్పడి పట్టుబట్టకపోతే మిగిలిన మూడు బారులూ దక్కేవి కావు. 1979 ఫిబ్రవరి 11న ప్రధాని మొరార్జీ దేశాయ్ దానిని జాతీయ స్మారకంగా అంకితం చేశారు.

స్మారకం అయ్యాక రాజకీయం లోపలికి వచ్చింది. 2002లో విమానాశ్రయానికి సావర్కర్ పేరు పెట్టారు. 2004లో జైలు ఆవరణలోని ఆయన మాటల ఫలకాన్ని అప్పటి కేంద్ర మంత్రి మణిశంకర్ అయ్యర్ తీయించారు. పార్లమెంటు దద్దరిల్లింది. ప్రభుత్వం మారాక ఫలకం మళ్లీ వచ్చింది. 1933 నిరాహారదీక్షలో మరణించిన మహావీర్ సింగ్, మోహిత్ మైత్ర, మోహన్ కిశోర్ నమోదాస్‌ల విగ్రహాలు జైలు ఎదుటి ఉద్యానవనంలోనే ఉన్నా, వారి గురించి అంత గొడవ ఎన్నడూ జరగలేదు. ఓట్లు రాల్చని అమరత్వానికి అదొక సౌకర్యం.

పేర్ల మార్పుదీ ఇదే దారి. 2018 డిసెంబరు 30న రాస్ దీవి నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీపం అయింది. 2024 సెప్టెంబరులో పోర్ట్‌బ్లెయిర్ శ్రీ విజయపురం అయింది. 1943లో సరిగ్గా ఆ డిసెంబరు 30వ తేదీనే నేతాజీ ఇక్కడ జెండా ఎగరేశారు. ఆ ఘట్టాన్ని ప్రతి యాత్రికుడికీ చెబుతారు, చెప్పదగినదే. అయితే అదే సమయంలో ఇండియన్ ఇండిపెండెన్స్ లీగ్ స్థానిక నాయకుడు డాక్టర్ దివాన్ సింగ్ సెల్యులార్ జైలులో జపాన్ సైనికుల చిత్రహింసలకు గురవుతున్నారు. 1944 జనవరి 14న ఆయన మరణించారు. ఆపై రెండు వారాలకు, జనవరి 30న, గూఢచారులన్న అనుమానంతో 44 మందిని హంఫ్రీగంజ్ వద్ద కాల్చి చంపారు. వారిలో చాలామంది ఆ లీగ్ సభ్యులే. జెండా ఎగిరిన చోటికి, ఈ నెత్తురు పారిన చోటికి మధ్య కాలదూరం ఒక్క నెల. ఒక రోజు కేటాయించగలిగిన యాత్రికుడు హంఫ్రీగంజ్ స్మారకం చూడకుండా తిరిగి రాకూడదు.

దక్షిణంగా వండూరుకు పోయే దారి మరొక పాఠం. అక్కడి నుంచి పగడపు దిబ్బలు చూసేందుకు జాలీబాయ్ దీవికి పడవలెక్కే వారిలో, ఆ ఊరి పేరు మలబారు నుంచి వచ్చిందని ఎందరికి తెలుసు? 1921 తిరుగుబాటు తరువాత ద్వీపాంతరానికి పంపిన మాప్పిళ్లలు ఇక్కడే స్థిరపడి తమ ఊళ్ల పేర్లు పెట్టుకున్నారు. అందుకే దక్షిణ అండమాన్‌లో ఒక కాలికట్, ఒక మంజేరి కూడా ఉన్నాయి. ప్రభుత్వం పెట్టిన పేర్లు కావవి, శిక్ష పడినవారు మోసుకొచ్చినవి.

తెలుగువారి జాడ ఇంతకన్నా ప్రస్ఫుటంగా ఉండవలసింది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో 13 శాతానికి పైగా జనం మాతృభాష తెలుగు. జంగ్లీఘాట్ చేపల రేవులో బేరాలు ఉత్తరాంధ్ర యాసలో వినిపిస్తాయి. 2023 మార్చిలో పురపాలక మండలి అధ్యక్ష పదవిని భాజపా మద్దతుతో తెలుగుదేశం గెలుచుకుంది. హైదరాబాదులో అది ఒక రోజు వార్త. కాకినాడ బాంబు కేసులో ఇక్కడికి వచ్చిన ప్రతివాది భయంకరాచారి పేరు మాత్రం ఆ ఒక్క రోజు వార్తకైనా నోచుకోలేదు.

అల్లూరి సీతారామరాజు వెంట పోరాడిన గాం మల్లుదొర కథ మరీ విచిత్రం. మన్యం తిరుగుబాటు అణచివేత తరువాత ఆయనకు ద్వీపాంతర శిక్ష పడింది. అండమాన్ నుంచి బతికి బయటపడ్డ ఆ గిరిజన యోధుడు 1952 ఎన్నికల్లో, లంకా సుందరంతో పాటు, ద్విసభ్య నియోజకవర్గం నుంచి స్వతంత్రుడిగా తొలి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. ఆ నియోజకవర్గం విశాఖపట్నం. అండమాన్‌కు ప్రయాణికుల నౌకలు బయలుదేరే రేవుల్లో అదీ ఒకటి.