నీటిని విడదీసిన తీగ

‘ఉదజని’ అన్న పేరులోనే దాని పని ఉన్నది: ఉదకమును జనింపజేయునది. అది ఆమ్లజనితో కలిస్తే నీరవుతుంది. విద్యుత్తు ప్రసరింపజేస్తే ఆ నీరే తిరిగి రెండు వాయువులుగా విడిపోతుంది. విడదీసే సాధనం జలవిశ్లేషకం. కలిపి విద్యుత్తును రాబట్టేది ఇంధన ఘటం. ఈ రెండింటి చరిత్ర పైకి వాయువుల చరిత్రగా కనిపిస్తుంది గాని, లోతుకు వెళితే అది లోహాల ఎంపిక చరిత్ర.

1800 మే నెలలో లండనులో విలియం నికల్సన్, ఆంథొనీ కార్లైల్ అనే ఇద్దరు వోల్టా ఘటమాలకు ఇత్తడి తీగలు తగిలించి నీటిలో ముంచారు. ఒక తీగ వద్ద ఉదజని బుడగలు లేచాయి. రెండవ తీగ వద్ద ఆమ్లజని జాడ లేదు. ఆ తీగ మాత్రం నల్లబడి క్షయించసాగింది. పుట్టిన ఆమ్లజనిని పుట్టినచోటనే ఇత్తడి మ్రింగివేస్తున్నదన్నమాట! ప్లాటినం తీగలు పెట్టగానే రెండు వాయువులూ వేరువేరుగా వెలువడ్డాయి. నీరు మారలేదు, మారింది లోహమే.

1842లో విలియం గ్రోవ్ ఈ క్రియనే తిరగవేశాడు. ఆయన వృత్తిరీత్యా న్యాయవాది. సజల గంధకామ్లంలో ప్లాటినం రేకులను నిలిపి, వాటికి రెండు వాయువులనూ అందించి విద్యుత్తును పొందాడు. సూత్రం నిలిచింది, కాని అంత ఖరీదైన లోహంతో యంత్రాలను నడపగలవారెవరు?

ఇంగ్లండులో ఫ్రాన్సిస్ థామస్ బేకన్ అనే ఇంజనీరుకు 1932లో ఈ విషయంపై ఆసక్తి కలిగింది. ఆమ్లాన్ని ఓర్చే చవక లోహాన్ని వెదకడానికి బదులు, చవక లోహం ఓర్చుకోగల ద్రావణాన్ని ఆయన ఎన్నుకున్నాడు. ఆ ద్రావణం పొటాసియం హైడ్రాక్సైడు అనే క్షారం, లోహం నికెల్. ప్లాటినానికున్న చురుకు నికెల్‌కు లేదు కనుక దాదాపు 200 డిగ్రీల సెంటీగ్రేడు వేడిని, అధిక పీడనాన్ని తోడు చేశాడు. అయితే ఇత్తడికి పట్టిన గతే ఆమ్లజని వైపున్న నికెల్ పలకకూ పట్టింది. అప్పుడు దానికి లిథియం పట్టించి, ముందుగానే గాలిలో కాల్చి, ఆక్సైడు పొర ఏర్పరచారు. మామూలు నికెల్ ఆక్సైడు విద్యుత్తును సరిగా పోనివ్వదు. లిథియం చేరితే పోనిస్తుంది. చిలుమునే కవచంగా మార్చిన ఉపాయమిది! 1959లో 5 కిలోవాట్ల ఘటం పనిచేసి చూపింది. దానికి మార్పులు చేసి నిర్మించిన ఘటాలే 1969లో చంద్రునిపైకి మనుషులను చేర్చిన అపోలో నౌకకు విద్యుత్తునూ, వ్యోమగాములకు త్రాగునీటినీ ఇచ్చాయి.

కథ ఇక్కడితో ముగియలేదు. నేడు పలుచని పాలిమర్ పొరతో పనిచేసే జలవిశ్లేషకాలు వచ్చాయి. ఆ పొర ఆమ్ల స్వభావం కలది. అక్కడ నికెల్ నిలువదు. అందుచేత ధనధ్రువం వద్ద ఇరిడియం ఆక్సైడునూ, దానికి ఆధారంగా టైటానియంనూ వాడుతున్నారు. ఇరిడియం ప్లాటినం గనులలో ఉపఫలంగా లభించే అరుదైన లోహం. అధికభాగం దక్షిణాఫ్రికా నుండే వస్తుంది. క్షార జలవిశ్లేషకాలు మాత్రం ఇప్పటికీ నికెల్‌నే నమ్ముకున్నాయి.

ఉదజని చవక అవుతుందని ఎవరైనా చెప్పినప్పుడు, చదువరులు అడగవలసిన ప్రశ్న ఒకటున్నది: ఆమ్లజని పుట్టేచోట ఏ లోహాన్ని నిలబెడుతున్నారు? 1800లో ఇత్తడి తీగ లేవనెత్తిన ప్రశ్న అదే.