తలుపు మీద రాత, తెర మీద దయ్యం

మా పెద్దమ్మ ఇంటి దర్వాజకు రెండు రెక్కలు. ఎడమ రెక్క మీద ‘ఓ స్త్రీ’, కుడి రెక్క మీద ‘రేపు రా’ అని సుద్దముక్కతో రాసి ఉండేది. రాకపోకల్లో చేతులు తగిలి అక్షరాలు చెరిగిపోతుంటే పెద్దమ్మ జాజుతో మళ్ళీ దిద్దేది. పొద్దున తలుపులు తెరిస్తే ఆ రాత చెరో గోడ దిక్కు విడిపోయేది. రాత్రి గొళ్ళెం పెట్టినప్పుడే కలిసి ఒక్క మాటయ్యేది. 1990లలో మా టేకుమట్లలోనే కాదు, తెలంగాణలో, ఆంధ్రలో ఎన్నో ఊళ్ళ తలుపుల మీద ఇదే రాత. అర్ధరాత్రి ఒక ఆడ దయ్యం తెలిసినవాళ్ళ గొంతుతో పిలుస్తుందని, పలికితే ప్రాణం పోతుందని, ఈ రాత చదివితే రేపొద్దామని మళ్ళిపోతుందని పుకారు.

మా అన్న ఒకరోజు బయటి నుంచి తలుపు కొట్టి, గొంతు సన్నగా చేసి పెద్దమ్మను పేరు పెట్టి పిలిచిండు. లోపల పిల్లలమంతా దుప్పట్లో మూతి దాచుకొని నవ్వినం. పెద్దమ్మ నవ్వలేదు. తెల్లారినంక అన్నను పిలిచి, “దయ్యంతోని పరాచికాలేందిరా?” అని మాత్రం అన్నది. దయ్యాల హాస్య సినిమా ఏది వచ్చినా చూసినవాళ్ళు రెండు వర్గాలుగా ఎందుకు చీలిపోతారని ఆలోచించినప్పుడల్లా నాకు ఆ దర్వాజే యాదికొస్తుంది. తలుపు ఒక్కటే, భయమూ ఒక్కటే. లోపల కొందరు నవ్వుతున్నారు, ఒకరు వణుకుతున్నారు.

భయం పక్కన నవ్వును కూర్చోబెట్టడం మనకు సినిమా నేర్పిన విద్య కాదు. చిందు బాగోతంలో బుడ్డర్‌ఖాన్ వచ్చి కడుపుబ్బ నవ్విస్తాడు. తోలుబొమ్మలాటలో కథ బరువెక్కినప్పుడల్లా జుట్టుపోలిగాడూ బంగారక్కా తెర మీదికి దూకుతారు. అయితే అక్కడొక కట్టుబాటు ఉంది. హాస్యగాడు తన పిరికితనంతో, తన ఆకలితో, తన వాగుడుతో నవ్విస్తాడు గానీ కథలోని దేవతనూ రాక్షసుడినీ చులకన చేయడు. వాళ్ళ బరువు వాళ్ళకుంటుంది. తొలినాటి సినిమా ఈ కట్టుబాటునే పట్టుకుంది. 1942లో వచ్చిన జెమినీ వారి ‘బాలనాగమ్మ’లో గోవిందరాజుల సుబ్బారావు వేసిన మాయల మరాఠీ భయపెట్టడానికే ఉన్నాడు. 1951 నాటి ‘పాతాళభైరవి’లో రేలంగి, బాలకృష్ణ, పద్మనాభం నవ్విస్తుంటే ఎస్.వి. రంగారావు వేసిన మాంత్రికుడు తన గాంభీర్యం చెడకుండా నిలబడ్డాడు. 1957లో ‘మాయాబజార్’ వచ్చేసరికి కె.వి. రెడ్డి ఒక అడుగు ముందుకు వేసి రాక్షసులనే ముద్దొచ్చేలా చేశారు. దానికి ఎవరూ నొచ్చుకోలేదు. ఆ రాక్షసులు పెళ్ళివారి పక్షం, మనవాళ్ళు.

దయ్యం విషయంలో తెలుగు పాఠకులు గట్టిగా రెండు పక్షాలైంది మాత్రం హాల్లో కాదు, వారపత్రిక దగ్గర. యండమూరి వీరేంద్రనాథ్ చేతబడి నవల ‘తులసిదళం’ ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వస్తుంటే జనం ఎదురుచూసి మరీ చదివారు. రంగనాయకమ్మ ‘తులసిదళం కాదు, గంజాయి దమ్ము’ అని పుస్తకమే రాశారు. చేతబడిని నమ్మించే రాత జనానికి చేటని ఒక పక్షం, కథను కథగా చదవలేరా అని మరో పక్షం. ఈ తగాదాను మా దిక్కు నుంచి చూస్తే దాని బరువు వేరుగా ఉంటుంది. తెలంగాణ పల్లెల్లో బాణామతి అన్నది నవ్వులాట మాట కాదు. ఆ అనుమానంతోనే మనుషులను చెట్టుకు కట్టి కొట్టారు, పండ్లు పీకారు, ప్రాణాలు తీశారు. ఇంటి పక్కన అటువంటిది జరిగిందని విన్న మనిషి తెర మీద నిమ్మకాయ, పసుపు బొమ్మ చూసి హాయిగా నవ్వలేకపోతే ఆ మనిషికి వినోదం తెలియదనడం అన్యాయం.

1992లో రాంగోపాల్ వర్మ ‘రాత్రి’, 1996లో ‘దెయ్యం’ తీశారు. వాటిలో నవ్వుకు చోటు లేదు. భయానికీ నవ్వుకూ మళ్ళీ పెళ్ళి చేసింది 2005 నాటి ‘చంద్రముఖి’. 1993 నాటి మలయాళ ‘మణిచిత్రతాళు’ కన్నడంలో ‘ఆప్తమిత్ర’ అయి, తమిళంలో ఈ రూపం ఎత్తి, తెలుగులోకి అనువాదమై వచ్చింది. పి. వాసు అందులో పాత కట్టుబాటునే పాటించారు. వడివేలు మెట్ల కింద వణుకుతూ నవ్విస్తాడు, పైన గదిలో జ్యోతిక ఒక్క క్షణమైనా చులకన కాదు. పిల్లలు వాడకట్టుల్లో ‘లకలక’ అంటూ తిరిగినా, ఆ గది తలుపు తెరుచుకునేటప్పుడు హాలంతా ఊపిరి బిగబట్టింది. 2009 సంక్రాంతికి కోడి రామకృష్ణ ‘అరుంధతి’ వచ్చి, దయ్యం కథను ఇంటిల్లిపాదీ కలిసి చూడొచ్చని రుజువు చేసింది.

2011లో ‘కాంచన’ను మేం పరకాలలో చూసినం. ఆ ఆట నాకు బాగా గుర్తుంది. మొదటి సగమంతా రాఘవ లారెన్స్ పిరికితనానికి హాలు ఊగిపోయింది. దయ్యం పూని చీర కట్టి గాజులేసుకున్నప్పుడు వెనక వరుసల్లోంచి ఈలలు, ఎకసెక్కాలు. తరువాత శరత్‌కుమార్ కాంచనగా కనబడ్డాడు. తల్లిదండ్రులు వెళ్ళగొట్టిన హిజ్రా, తనలాంటి ఇంకొక బిడ్డను చేరదీసి చదివించిన మనిషి, భూమి కోసం చంపబడ్డ మనిషి. ఈలలు ఒక్కొక్కటిగా ఆగిపోయినయి. నా ముందు వరుసలో ఒక పిల్లగాడు పల్లీలు నములుతూ నములుతూ ఆగిపోయిండు, పొట్లం చేతిలోనే ఉంది. బయటికొచ్చినంక మా జట్టులోనే ఇద్దరు కొట్లాడుకున్నారు. నవ్వుకుందామని వస్తే ఏడిపించిండని ఒకడు, ఆ ఏడుపు లేకుంటే సినిమానే లేదని ఇంకొకడు. ఆ తరువాత చూసిన ప్రతి దయ్యం సినిమా దగ్గరా ఇదే తగాదా విన్న.

2013 జూన్‌లో ‘ప్రేమకథా చిత్రమ్’ వచ్చింది. చావడానికని ఒక ఇంటికి చేరిన కుర్రకారు, అక్కడ పూనకమెత్తే అమ్మాయి, మధ్యలో హాస్యనటుడు సప్తగిరి. కథ మారుతిది, దర్శకుడు జె. ప్రభాకర్ రెడ్డి. ‘ఈ రోజుల్లో’, ‘బస్ స్టాప్’ సినిమాల మాటల వల్ల మారుతి పేరు వింటేనే పెద్దవాళ్ళు జంకేవారు. కాలేజీ పిల్లలు మాత్రం రెండోసారి, మూడోసారి పోయారు. పెద్దపేరున్న హీరో లేకున్నా సినిమా ఆడింది. తమిళంలో ‘డార్లింగ్’గా, కన్నడంలో ‘చంద్రలేఖ’గా మళ్ళీ తీశారు. దాంతో నిర్మాతలకు దారి దొరికింది. ఒక ఇల్లు, పిడికెడు మంది నటులు, రాత్రి వేళ చిత్రీకరణ, ఖర్చు తక్కువ. 2014లో ‘గీతాంజలి’, 2015లో ఓంకార్ ‘రాజు గారి గది’ ఆ దారినే వచ్చాయి. అదే కాలంలో టీవీలో ‘జబర్దస్త్’ ఊపందుకుంది. అక్కడి హాస్యనటులు ఈ ఇళ్ళల్లోకి వచ్చారు, వాళ్ళతోపాటు స్కిట్ పద్ధతీ వచ్చింది. దయ్యం ఒక మూలన నిలబడి, వీళ్ళ జోకులు అయ్యేదాకా ఆగుతుంది. అక్కడే హాలు చీలింది. నవ్వుకోవడానికి వచ్చినవాళ్ళకు అది చాలింది. భయపడదామని వచ్చినవాళ్ళు మోసపోయామనుకున్నారు. 2017లో ‘రాజు గారి గది 2’ నాగార్జున, సమంతలతో బరువైన కథ వైపు తిరిగితే ఈసారి మొదటి వర్గం అలిగింది.

నా మట్టుకు నేను చెప్పేది ఇది. భయపడేవాడు నవ్వించినంతసేపూ హాలు ఒక్కటిగా ఉంటుంది. దయ్యాన్నే నవ్వులపాలు చేస్తే చీలిపోతుంది. మహి వి. రాఘవ్ 2017లో తీసిన ‘ఆనందో బ్రహ్మ’ దీనికి ఎదురు నిలిచినట్టు కనిపిస్తుంది, ఎందుకంటే అందులో మనుషులే దయ్యాలను హడలెత్తిస్తారు. కానీ జాగ్రత్తగా చూస్తే అక్కడ భయపడే పాత్ర దయ్యాలది, కాబట్టే వాటిని చూసి నవ్వినా చులకన అనిపించదు. సొంత ఇల్లు పోతుందని బెంగటిల్లిన కుటుంబం అది. తమిళంలో తమన్నాతో ‘పెట్రోమాక్స్’గా తీసినా ఆ బెంగ అట్లాగే నిలిచింది.

2021 ఫిబ్రవరిలో ప్రశాంత్ వర్మ ‘జాంబీ రెడ్డి’ వచ్చినప్పుడు చీలిక ఇంకో రకంగా వచ్చింది. కర్నూలు ఫ్యాక్షన్ కత్తులకు జాంబీలు ఎదురైతే పట్నం పిల్లలకు పండుగ. వాళ్ళు ఆ జాతి సినిమాలు ముందే చూసి ఉన్నారు. మా ఊళ్ళో ఒక ముసలాయన మాత్రం టీవీలో కాసేపు చూసి, “ఇది దయ్యమా, రోగమా?” అని అడిగిండు. చాలా మంచి ప్రశ్న అది. దయ్యానికి ఒక పేరుంటది, ఊరుంటది, చచ్చిన కారణముంటది. జాంబీకి అవేవీ ఉండవు, ఎవరి పగ అనీ అడగలేం. పగ లేని భయం మా పెద్దతరానికి కథలా అనిపించదు. డాక్టర్ అనిల్ విశ్వనాథ్ ‘మా ఊరి పొలిమేర’ను, దాని రెండో భాగాన్నీ వాళ్ళు కళ్ళార్పకుండా చూశారు. అందులో భయం ఊరి పేరుతో, ఇంటి పేరుతో వస్తుంది.

ఈ చీలిక మన ఒక్కరిదే కాదు. 1977లో జపాన్‌లో నోబుహికో ఒబాయాషి ‘హౌస్’ తీశారు. ఏడుగురు స్కూలు అమ్మాయిలు, వాళ్ళను మింగే ఇల్లు. విమర్శకులు మొహం చిట్లిస్తే కుర్రకారు ఎగబడి చూశారు. 2009లో అమెరికాలో ‘జెనిఫర్స్ బాడీ’ వచ్చింది. రాసింది డయాబ్లో కోడీ, తీసింది కారిన్ కుసామా, ఇద్దరూ ఆడవాళ్ళే. బలి ఇవ్వబడి దయ్యంగా మారిన హైస్కూలు అమ్మాయి కథ. ప్రచారమంతా మేగన్ ఫాక్స్ అందం చుట్టూ, మగపిల్లల కోసం నడిచింది. వచ్చిన మగపిల్లలకు కావలసింది దొరకలేదు, రావలసిన ఆడపిల్లలకు పిలుపే అందలేదు. సినిమా పడిపోయింది. దాదాపు పదేళ్ళకు ఆడవాళ్ళే దాన్ని వెతికి పట్టుకొని, ఇది మా కథ అన్నారు.

ఆ సినిమా సంగతి చదివినప్పటి నుంచి మన హాళ్ళ గురించీ నాకు వేరే ఆలోచన మొదలైంది. మన దయ్యం కూడా నూటికి తొంభైసార్లు అన్యాయమైపోయిన ఆడమనిషే. ఇంటర్వెల్ తరువాత ఆమె గతం మొదలవుతుంది. అక్కడే కుర్రాళ్ళు లేచి సిగరెట్టుకు పోతారు, ఫోను తీస్తారు, ‘సాగదీసిండు’ అంటారు. అక్కడే ఆడవాళ్ళు కదలకుండా కూర్చుంటారు. సినిమా బాగుందా, లేదా అన్న తగాదాలో సగం ఆమె కథ ఎంతసేపు చెప్పాలన్న తగాదానే. శ్రీహర్ష కొనుగంటి 2024లో తీసిన ‘ఓం భీమ్ బుష్’ ముతక జోకులతో నడిచి చివర సంపంగి అనే దయ్యం ప్రేమ దగ్గర గంభీరమైంది. అక్కడా ఇదే పేచీ. 2025 మేలో సమంత నిర్మించిన ‘శుభం’లో టీవీ సీరియల్ సమయానికి భార్యలకు పూనకం వస్తుంది. మగవాళ్ళ పెత్తనాన్ని దెప్పిన ఆ తీరు కొందరికి నచ్చింది, భయం చాలలేదని కొందరికి నచ్చలేదు.

మా పెద్దమ్మకు ‘స్త్రీ’ సినిమా నేనే చూపించిన. 2018లో హిందీలో వచ్చిన ఆ సినిమాను అమర్ కౌశిక్ తీసినా, రాసింది మన తెలుగువాళ్ళే, తిరుపతి నుంచి వచ్చిన రాజ్ నిడిమోరు, చిత్తూరు నుంచి వచ్చిన కృష్ణ డి.కె. చందేరీ ఊళ్ళో గోడల మీద ‘ఓ స్త్రీ కల్ ఆనా’ అని రాసి ఉంటుంది. పెద్దమ్మకు హిందీ రాదు, ఆ అక్షరాలు చదవడమూ రాదు. ఆ గోడ రాత కనబడంగనే మాత్రం “గిది మన తలుపు మీదిదే కదరా” అన్నది. భయంతో అమ్మాయిల బట్టలు తొడుక్కునే మగవాళ్ళను చూసి మేం నవ్వితే ఆమె కూడా కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. ఆ దయ్యం ఒకప్పటి వేశ్య అని, ప్రేమించిన మనిషితో పెళ్ళైన రాత్రే ఊరివాళ్ళు చంపారని నేను మాట మాటకూ తెలుగులో చెప్పుకొచ్చిన. పెద్దమ్మ నవ్వు ఆగింది. చాలాసేపు తెర దిక్కే చూసింది.

“రేపు రా, రేపు రా అని రాసినం గని, నువ్వెవ్వలవమ్మా, ఎందుకు తిరుగుతున్నవని ఊళ్ళె ఒక్కలం అడగకపోతిమి” అన్నది.

ఆ దర్వాజ ఇప్పటికీ ఉంది. నీలం రంగు రెండుసార్లు పూసినా ఎడమ రెక్క మీద జాజుతో దిద్దిన ‘స్త్రీ’ లీలగా కనిపిస్తుంది. కుడి రెక్క చెదలు పట్టి, కొత్తది పెట్టించినం.